గీతకి ఇటు మూర, అటు మూర

మొన్న మంగళవారం పొద్దున్న ఒకమ్మాయి మా ఇంటి ముందు గడ్డిలో పసుపు గీత గీస్తుంటే, కిటికీ దగ్గర నిలబడి చూస్తూ కాఫీ చల్లారబెట్టేసుకున్నాను. పాతికేళ్ళుంటాయేమో ఆ పిల్లకి. జుట్టంతా సన్నటి జడలుగా అల్లుకుని, మెరిసే చొక్కా తొడుక్కుని, పొడుగాటి కర్రలాంటి పరికరం పట్టుకుని నేల మీంచి కళ్ళెత్తకుండా నడుస్తోంది. మా మేఘన పెళ్ళికి రాట పాతాలి. రాటకి గుంట తియ్యాలి. ఈ దేశంలో గుంట తియ్యాలంటే ముందు ఫలానా చోట తవ్వబోతున్నామని కబురు చెప్పుకుని, నేల కింద గ్యాసు పైపులూ కరెంటు తీగలూ ఎక్కడున్నాయో వాళ్ళొచ్చి రంగులు వేసి, జెండాలు గుచ్చి వెళ్ళేదాకా ఆగాలి. ఒకప్పుడు ఫోన్ చెయ్యాల్సి వచ్చేది, ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఫారం నింపితే చాలు. నింపాను. ఏం పని కోసం అని అడిగిన గడిలో ఏం రాయాలో తోచక కాసేపు తల గోక్కుని, పెళ్ళి స్తంభం అని రాశాను. ఎవరూ కాదనలేదు.

ఉండబట్టలేక బయటికి వెళ్ళాను. "దీనికి సౌండ్ రాదా?" అని అడిగాను. "వస్తుంది. నేనే ఆఫ్ చేసి పెట్టుకుంటా. ఎంత లోతులో ఉందో కూడా స్క్రీన్ మీద కనిపిస్తుంది కదా" అంది. ఒక్కసారి ఆన్ చెయ్యమన్నాను. నా మొహంలో ఏం చూసిందో ఏమో, నవ్వి, ఆన్ చేసింది. సన్నగా, ఆగకుండా, తేనెటీగ సీసాలో పడ్డట్టు మోత. "ఈ పని గురించి మీకెలా తెలుసు?" అందా పిల్ల. నేనేమన్నానో తెలుసా? "ఎక్కడో చూశాను" అన్నాను. అరవై రెండేళ్ళొచ్చాయి, రిటైరయ్యాను, కూతురి పెళ్ళి చేస్తున్నాను, ఇంకా సిగ్గులేకుండా అదే అబద్ధం! లోపలికొచ్చి, చల్లారిన కాఫీ సింకులో పారబోసి, నన్ను నేను తిట్టుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

నాన్న చేసింది ఆ పిల్ల చేసే పనే. ఇదే ఊళ్ళో, ఈ అరోరాలోనే. రాజమండ్రిలో సివిల్ డిప్లమా చదివి, రోడ్ల డిపార్టుమెంటులో నాలుగేళ్ళు పనిచేసి వచ్చినవాడు. ఇక్కడ ఆ కాగితాన్ని ఎవరూ ఖాతరు చెయ్యలేదు. కొన్ని నెలలు ఇంట్లో కూర్చుని, ఆఖరికి గ్యాసు కంపెనీకి పనిచేసే ఒక కాంట్రాక్టరు దగ్గర లొకేటర్‌గా చేరాడు. ఎవరైనా కంచె వేసుకోవాలన్నా, చెట్టు నాటాలన్నా, రోడ్డు తవ్వాలన్నా, ముందు నాన్న వెళ్ళాలి. సిగ్నల్ పంపే ఒక పెట్టె తీగని గ్యాసు మీటరు దగ్గర పైపుకి తగిలించి, చేతిలో కర్ర పట్టుకుని నడుస్తాడు. పైపుకి అటూ ఇటూ ఉన్నంతసేపూ కర్రలో మోత మోగుతూనే ఉంటుంది. సరిగ్గా పైపు నెత్తిమీదికి రాగానే ఆగిపోతుంది. అప్పటి పరికరాలు అలా ఉండేవి. "మోత ఆగిందా, అక్కడే ఉన్నట్టు" అనేవాడు. ఆగినచోట పసుపు రంగు చల్లి, పసుపు జెండా గుచ్చేవాడు. పసుపు గ్యాసుకి. ఎరుపు కరెంటుకి, నారింజ టెలిఫోనుకి, నీలం నీళ్ళకి, ఆకుపచ్చ మురుగుకి. నేను ఇంగ్లీషులో రంగుల పేర్లు బళ్ళో కంటే ముందు నాన్న ట్రక్కు వెనకాల నేర్చుకున్నాను.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చే వాసన నాకిప్పటికీ ముక్కులోనే ఉంది. రంగు డబ్బాల ఘాటు, తడిమట్టి, దాని మీద కిరసనాయిలు. బూట్లు గరాజు మెట్టు మీదే విప్పాలి, అది అమ్మ ఆర్డరు. ఆ బూట్లకి అసలు రంగేమిటో మాకెవరికీ తెలీదు. గరాజులోనే ఒక డొక్కు బేసిన్‌లో, పాత బనీను ముక్కతో కిరసనాయిలు రాసుకుని చేతులు రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో పసుపు ఉండిపోయేది. ఆ చేత్తోనే పప్పన్నం కలిపి నాకు ముద్దలు పెట్టేవాడు, "పసుపే కదే, మంచిదే" అని నవ్వుతూ. అమ్మ ఆయన పంట్లాములు మా బట్టలతో కలపకుండా బేస్‌మెంటులో విడిగా ఉతికేది, చలికాలంలో కూడా. మధ్యాహ్నం డబ్బాలోకి దాదాపు రోజూ పులిహోరే, ట్రక్కులో పాడవదని. ఎవరింటి కాలిబాట అంచునో కూర్చుని, చెంచా కూడా లేకుండా తినేవాడట.

ఎవరింటికైనా భోజనానికి వెళ్తే నాన్న ముందు గుమ్మంలోకి వెళ్ళడు. ఇల్లంతా ఒక చుట్టు చుట్టి, గ్యాసు మీటరు ఎటుందో, వీధి వైపు పైపు ఎలా వచ్చి ఉంటుందో చూసుకుని అప్పుడు వస్తాడు. అమ్మకి తల కొట్టేసినట్టుండేది. "దొంగలు చూసినట్టు చూస్తారేమిటండీ జనాల ఇళ్ళు!" అనేది కార్లో. సొంత ఇంట్లో అయితే మరీ అన్యాయం. అమ్మ గులాబీ మొక్క నాటుకుంటానంటే, వంటింటి ఫోన్‌లోంచి, తవ్వేముందు అందరూ చెయ్యాల్సిన ఆ నంబరుకే చేసి, ఆపరేటరు అమ్మాయికి తన పేరూ, మా అడ్రసూ, వీధి ఏ వైపో, మొక్క ఎంత లోతో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆ అమ్మాయితో రోజూ మాట్లాడే మనిషే! తర్వాత రెండు పనిదినాలు ఆగాలి. శని ఆదివారాలు లెక్కలోకి రావు. "గులాబీ మొక్కకి గవర్నమెంటు పర్మిషనా? మా పుట్టింట్లో కొబ్బరిచెట్లు పాతారు, ఒక్కడైనా ఫోన్ చేశాడా?" అని అమ్మ గిన్నెలు ఎత్తి కుదేసేది. "మీ పుట్టింట్లో నేల కింద వానపాములే ఉంటాయి కనక" అనేవాడు నాన్న, పేపరు దించకుండా.

అమ్మ ఒక దీపావళినాడు వాకిట్లో ముగ్గు వేసింది, చుక్కలు పెట్టి, పెద్దది, కాలిబాట దాకా. మాకు తెలీదు కానీ ఈ పనిలో తెల్లరంగుకి కూడా ఒక అర్థముంది, ఇక్కడ తవ్వబోతున్నాం అని. ఆ వారం మా వీధిలో నీళ్ళ పైపుల పని జరుగుతోంది. ఎవరో కుర్రాడు తలుపు కొట్టి, టోపీ తీసి, ఈ నక్షత్రం ఆకారంలో మీరెంత లోతు తవ్వాలనుకుంటున్నారు మేడం అని చాలా మర్యాదగా అడిగాడు. నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. అమ్మ రెండ్రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ మర్నాటి నుంచి ముగ్గులో ఇంత గులాబీ రంగు కలిపి వేసేది.

నాకు నాన్న నేర్పింది ఒకటే, మూర. గీత గీసినంత మాత్రాన పైపు సరిగ్గా దాని కిందే ఉంటుందని కాదు. కాస్త అటో ఇటో ఉండొచ్చు. అందుకని గీతకి రెండు వైపులా పద్దెనిమిది అంగుళాల మేర యంత్రంగానీ గునపంగానీ పెట్టకూడదు, చేత్తో, చిన్న తాపీతో, మెల్లగా మట్టి తీసి పైపు కళ్ళతో చూడాలి. తోటి పనివాళ్ళు టేపు పెట్టి కొలిచేవారు. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, మోచెయ్యి గీత మీద ఆనించి, చెయ్యి చాపి, నడిమివేలి కొస దగ్గర పుల్ల గుచ్చేవాడు. "పూలమ్మే ముసలమ్మ కొలిచేది ఇదే, గవర్నమెంటువాడు చెప్పేదీ ఇదే. గీతకి ఇటు మూర, అటు మూర" అనేవాడు. నేను కూడా ఆయన పక్కన చెయ్యి చాపితే, నా వేళ్ళు ఆయన మణికట్టు దగ్గరే ఆగిపోయేవి. "నీది ఇంకా మూర కాలేదు, ఎదుగు ముందు" అనేవాడు.

ఇంత ముచ్చటగా చెబుతున్నాను కానీ, అప్పుడు నాకు ఆ పనంటే చచ్చేంత సిగ్గు. దానికి బీజం వేసింది అమ్మే అనుకుంటాను, పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది. మాకు తెలిసిన తెలుగువాళ్ళందరూ డాక్టర్లూ, సైంటిస్టులూ. ఎవరడిగినా అమ్మ తడుముకోకుండా "గ్యాసు కంపెనీలో ఇంజనీరండీ" అనేసేది. నాన్న పక్కనే నిలబడి అవుననకుండా, కాదనకుండా నవ్వేవాడు. ఏడో తరగతిలో ఒకసారి మా స్కూలు ముందే నాన్న గీతలు గీస్తున్నాడు. మా క్లాసు పిల్లొకతె కిటికీలోంచి చూపించి, "చూడు, ఆయన గడ్డికి రంగులేస్తున్నాడు! మీ డాడీయేనా?" అని అడిగింది. కాదన్నాను. వేరే ఎవరో అన్నాను. ఆయన అప్పుడే తలెత్తి మా కిటికీ వైపు చెయ్యి ఊపాడు. నేను నోటుబుక్కులోకి తల దూర్చాను.

ఆ వేసవిలోనే విజయత్త పెళ్ళి. విజయత్త నాన్నకి చెల్లెలు, ఇక్కడే చదువుకోవడానికొచ్చి, ఇక్కడే సంబంధం కుదుర్చుకుంది. తాతయ్యా వాళ్ళూ రాలేకపోయారు కనక కన్యాదానం చేసేది నాన్నే. పెళ్ళి హాల్లో అయినా, రాట మాత్రం మా ఇంటి ముందే పాతాలని అమ్మ పట్టు. అప్పట్లో ఇక్కడ పురోహితులెక్కడ! శాస్త్రిగారని, వారంలో అయిదు రోజులు ఒక రంగుల ఫ్యాక్టరీలో కెమిస్టు, శని ఆదివారాలు పంచె కట్టేవారు. ఆయన ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి ముహూర్తం పెట్టారు. నాన్న వారం ముందే ఫోన్ చేసి చెప్పాడు. గురువారం ఆయన తోటి లొకేటరే వచ్చి గీతలు గీసి వెళ్ళాడు. నాన్న చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. "సొంత ఇల్లు మనం చూసుకోకూడదు, కళ్ళు మోసం చేస్తాయి" అన్నాడు నాతో. గడ్డిలో వీధి నుంచి మీటరు దాకా పదకొండు పసుపు జెండాలు, పక్కగా నాలుగు నారింజ జెండాలు. పసుపు గీతకి రెండు మూరల అవతల, రాట పాతాల్సిన చోట, నాన్న తెల్లరంగుతో ఒక గుండ్రం గీశాడు.

శనివారం సాయంత్రం మగపెళ్ళివారు మొదటిసారి మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. ఇంటి నిండా బూరెల వాసన, అమ్మ గొంతు, ఎవరు ఎక్కడ పడుకోవాలన్న గొడవ. నాన్న స్నేహితుడు మూర్తి అంకుల్, ఆయన డాక్టరు, గడ్డి కోసే మెషిను కార్లో వేసుకుని మరీ వచ్చాడు, లాన్ నీటుగా ఉండాలి కదా అని. నేను వసారాలో నిలబడి చూశాను. పెళ్ళింటి ముందు పదిహేను ప్లాస్టిక్ పీలికలు గాలికి పటపటా కొట్టుకుంటున్నాయి. వాటిని చూసి వాళ్ళు ఏమిటివి అంటారు. ఎవరో ఒకరు చెబుతారు. అప్పుడు ఇంజనీరుగారు గడ్డికి రంగులేసే మనిషని తెలిసిపోతుంది. అంతే, నాకింకేం తోచలేదు. మూర్తి అంకుల్ మెషిను దించేలోపల పదిహేనూ పీకేసి, బేస్‌మెంటులో బియ్యం బస్తా వెనక దాచేశాను. గీతలు ఉంటాయిగా, రేపు పొద్దున్నే లేచి వాటి మీద మళ్ళీ గుచ్చేద్దాం అనుకున్నాను. గడ్డి కోస్తే గడ్డి మీది రంగూ పోతుందని నా బుర్రకి తట్టలేదు. నాన్న హాలు పనుల మీద తిరిగి, చీకటిపడ్డాక వచ్చాడు.

ఆదివారం ఏడింటికి ఫోన్ మోగింది. ఊరి అవతల ఎవరో అడక్కుండా కంచె గుంజ పాతుతూ గ్యాసు పైపు కోసేశారు. ఆ వారం డ్యూటీ నాన్నదే. "తొమ్మిందికల్లా వచ్చేస్తా. నేను వచ్చేదాకా ఎవరూ గునపం ముట్టుకోకండి" అని పెరటి వైపు నుంచి పరిగెత్తి వెళ్ళిపోయాడు. నేను జెండాలు తీసుకుని గడ్డిలోకి వెళ్ళబోయి ఆగిపోయాను. వసారాలో అప్పటికే పదిమంది, మగపెళ్ళివారితో సహా. పైగా గడ్డి అంతా ఒకే పచ్చ, గీతా లేదు, గుండ్రమూ లేదు. జెండాలు మళ్ళీ బస్తా వెనకకే చేరాయి. ఇంతలో శాస్త్రిగారు పంచాంగం తిరగేసి, లెక్కలో పొరపాటు జరిగిందనీ, తొమ్మిదింబావుకి వర్జ్యం వస్తుందనీ, ఈలోపే కానివ్వాలనీ అన్నారు. తొమ్మిదైంది. నాన్న రాలేదు. "ఏముందండీ, రెండడుగుల గుంట! ఈశాన్యం ఎటో చెప్పండి శాస్త్రిగారూ" అని మూర్తి అంకుల్ గునపం అందుకున్నాడు.

నేను పసుపూ కుంకుమా ఉన్న పళ్ళెం పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాను. విజయత్త పసుపు చీరలో, చేతిలో నవధాన్యాల మూట. అమ్మ హారతి పళ్ళెంలో కర్పూరం సర్ది, అగ్గిపెట్టె బొడ్లో దోపుకుంది. శాస్త్రిగారు చూపించిన చోటు అటూ ఇటుగా ఆరో జెండా ఉన్న చోటు. నాకు తెలుసు. నేనే కదా పీకింది! మొదటి పోటు పడింది. చెప్పాలి. చెబితే ఎందుకు తీశావంటారు, మగపెళ్ళివారి ముందు. రెండో పోటు. మూడు, నాలుగు. ఎన్ని పడ్డాయో తెలీదు, ఆఖరిదానికి ఠంగుమంది. "రాయిలా ఉంది" అని మూర్తి అంకుల్ గునపం ఇంకాస్త పైకెత్తాడు. "తవ్వకండి!" అని అరిచాను. పళ్ళెం కింద పడింది. "అక్కడ గ్యాసుంది అంకుల్! జెండాలు అక్కడే ఉన్నాయి!" "ఏవే జెండాలు?" అంది అమ్మ. అప్పుడే నాన్న ట్రక్కు వీధి మలుపు తిరిగింది.

ఆయన దిగి, గడ్డి మొత్తం ఒక్కసారి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. అమ్మ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపి, "అగ్గిపెట్టె ఇలా ఇవ్వు" అన్నాడు. అందర్నీ వీధి అవతలికి పంపించాడు. పెళ్ళికూతురు, శాస్త్రిగారు, పట్టుచీరల ఆడవాళ్ళు, అందరం కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా ఎదురింటి ముసలావిడ గడ్డిలో నిలబడ్డాం. ఆవిడ పాపం కుర్చీలు తెచ్చి వేసింది. నాన్న ఒక్కడే గుంట దగ్గర బోర్లా పడుకుని, వాసన చూసి, చేత్తో మట్టి తీశాడు. పైపు కనిపించింది. గునపం మొన పైపు పైపూత గీరుకుని పక్కకి జారింది, పైపు తెగలేదు. ఇంకొక్క పోటు బలంగా పడి, అమ్మ కర్పూరం వెలిగించి ఉంటే ఏమయ్యేదో! గీరుకుపోయినా సరే కంపెనీకి చెప్పి తీరాలి. నాన్న ఎదురింటికొచ్చి, వాళ్ళ ఫోన్‌లోంచి తన మీద తనే ఫిర్యాదు చేసుకున్నట్టు అన్నీ చెప్పాడు.

"ఏమండీ రావుగారూ, జెండాలన్నారు, ఏవీ?" అన్నాడు మూర్తి అంకుల్, మొహమంతా చెమటతో. నాన్న నా వైపు చూడనైనా చూడలేదు. "నేనే తీశానండీ. గడ్డి కోస్తామన్నారు కదా, అడ్డమని పీకి, మళ్ళీ గుచ్చడం మర్చిపోయాను" అన్నాడు. భయం తీరిన నవ్వు ఒకటి వచ్చింది మూర్తి అంకుల్‌కి. "ఊరందరి గడ్డీ కాచి, సొంత గడ్డి దగ్గర మర్చిపోయారా!" అందరూ నవ్వారు. మగపెళ్ళివారు కూడా నవ్వారు. నాన్న కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. కంపెనీవాళ్ళు వచ్చి పైపు బాగుచేసి, మళ్ళీ గీత గీసి వెళ్ళాక, వర్జ్యం దాటి, మధ్యాహ్నం రాట పాతారు, గీతకి రెండు మూరల అవతల, నాన్న చేత్తో తవ్విన గుంటలో.

సాయంత్రం గరాజులో చేతులు కడుక్కుంటూ నన్ను పిలిచాడు. "తీసుకురా" అన్నాడు. తెచ్చాను. లెక్కపెట్టాడు. "పదిహేను, సరిపోయాయి" అన్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బావుండేది. "సిగ్గేసిందా?" అని అడిగాడు, మామూలుగా, ఆకలేసిందా అన్నట్టు. తలూపాను. "ఊఁ" అన్నాడు. చేతులకి మళ్ళీ కిరసనాయిలు రాసుకున్నాడు. ఆ రోజు రంగు పని చెయ్యనే లేదు, అయినా చాలాసేపు రుద్దుకున్నాడు. "నేను తీశానని చెప్పాను కదా. ఇంక నువ్వెక్కడా వేరేగా చెప్పకు" అన్నాడు. ఆ కంపెనీ రిపోర్టులో ఇంటి యజమాని గుర్తులు తొలగించాడని రాశారు. ఆ చలికాలం నాన్నకి వస్తుందనుకున్న ఫోర్మన్ పని ఇంకొకరికి వెళ్ళింది. అది నాకు పెద్దయ్యాక అమ్మ చెప్పింది, తనకి నిజం తెలీదు కనక ఆయన మతిమరుపుని తిడుతూ చెప్పింది.

ఆ తర్వాత నలభై ఎనిమిదేళ్ళు, ఎక్కడ కలిసినా, సత్యనారాయణ వ్రతమైనా, పుట్టినరోజైనా, మూర్తి అంకుల్ ఆ కథ చెప్పకుండా వదల్లేదు. చెడ్డమనిషి కాదు, ఆయనకి తెలిసింది అంతే. జెండాల రావుగారు అనే పేరు పెట్టాడు. నాన్న ప్రతిసారీ నవ్వాడు. నేను ప్రతిసారీ వంటింట్లోకి వెళ్ళిపోయాను. నేను అకౌంటెంటునయ్యాను, పెళ్ళయింది, ఎవరైనా అడిగితే అమ్మ మాటే నా నోటికీ వచ్చేది, గ్యాసు కంపెనీలో ఇంజనీరు. ఆఖర్లో ఆసుపత్రిలో ఒకసారి ధైర్యం చేసి, "నాన్నా, ఆ జెండాలు..." అన్నాను. "ఇంకా అదే పట్టుకున్నావుటే?" అని, కిటికీలోంచి బయట పార్కింగు చూపించి, అక్కడెవరో తవ్వుతున్నారు, గీతలు గీశారో లేదో చూడమన్నాడు. గీశారని చెప్పాక కళ్ళు మూసుకున్నాడు. ఆయన పోయి ఏడాది దాటింది. అమ్మ అంతకుముందే పోయింది.

ఇప్పుడు గుళ్ళు ఎన్నో వచ్చాయి, పురోహితులు వాట్సాప్‌లో ముహూర్తం పంపిస్తారు. ఒకప్పుడు మా గడ్డిలో రెండు రంగులే, ఇప్పుడు ఇంటర్నెట్ తీగలూ అవీ కలిసి హోలీ ఆడినట్టుంది. పిల్లలు ఎవరూ దేనికీ సిగ్గుపడరు, అదొకటి మాత్రం నాకు నచ్చింది. మా మేఘన ఆ జెండాలతో సెల్ఫీ తీసుకుని, "తాతయ్య జాబ్!" అని ఫ్రెండ్స్ అందరికీ పంపించింది. నేను దాచినదాన్ని అది ఫోన్‌లో పెట్టేసింది, ఎంత తేలిగ్గా!

నిన్న శనివారం రాట. విజయత్త వచ్చింది, మోకాళ్ళ నొప్పులతోనే. మూర్తి అంకుల్‌కి ఎనభై అయిదు దాటాయి, చేతికర్ర మీద వచ్చి, వసారాలో కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాడు. "ఏమే పద్దూ, జెండాలున్నాయా, మీ నాన్నలా పీకేసి మర్చిపోయావా?" అందరూ నవ్వడానికి సిద్ధమయ్యారు. నా కాళ్ళు అలవాటుగా వంటింటి వైపు తిరిగాయి. తిరిగి, ఆగాయి. "అంకుల్, ఆ రోజు జెండాలు పీకింది నాన్న కాదు. నేను" అన్నాను.

"నువ్వా?" అంది విజయత్త. "ఎందుకే?"

"సిగ్గేసి, అత్తా. మగపెళ్ళివాళ్ళకి నాన్న పనేమిటో తెలిసిపోతుందని. బియ్యం బస్తా వెనక దాచాను. నాన్న తన మీద వేసుకున్నాడు. చెప్పొద్దన్నాడు. ఇవాళ ఆయన మాట దాటాను."

"నేను ఇన్నేళ్ళు అంటుంటే నవ్వాడేమే మరి!" అన్నాడు మూర్తి అంకుల్. కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకుంటూ కూర్చుండిపోయాడు. కొత్తగా వచ్చిన మా వియ్యపురాలికి ఇదంతా అర్థం కాలేదు. డబ్లిన్ నుంచి వచ్చింది, వాళ్ళది కరీంనగర్. మెల్లగా నా చెయ్యి పట్టుకుని అడిగింది, "మీ నాయన ఏం పని చేస్తుండె వదినా?"

"గడ్డికి రంగులేసేవారు వదినా," అన్నాను, "ఈ ఊరంతా."

మేఘన గునపం పట్టుకొచ్చి, "అమ్మా, నేను డిగ్ చేస్తా, ఎక్కడా?" అంది. మూర్తి అంకుల్ చేతికర్రతో ఆ గునపాన్ని అవతలికి నెట్టాడు. "అది లోపల పెట్టెయ్ తల్లీ. తాపీ ఉంటే తే" అన్నాడు. ముహూర్తానికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. నేను పట్టుచీరతోనే గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, పసుపు గీత మీద మోచెయ్యి ఆనించి, చెయ్యి చాపాను. నడిమివేలి కొస దగ్గర ఆగి, ఇంకో నాలుగు వేళ్ళు కలిపాను, నాన్న చెయ్యి నాకంటే పెద్దది కనక. అక్కణ్ణించి మొదలుపెట్టమన్నాను.